పట్టభద్రుడు కాని కవి: నర్మద్

సలాబత్‌పురా వంటి వస్త్రవ్యాపారపు పేటలకు పేరుగన్న సూరత్ నగరమున గుజరాతీ కవి నర్మదాశంకర దవే 1833 ఆగస్టు 24న జన్మించెను. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున రెండు పర్యాయములు చేరియు, పట్టము పొందకయే 1856లో చదువు విడిచెను. తరగతిలో లభింపని దేశీయ ఛందశ్శాస్త్రమును ఒక తాపీపనివాని యొద్దనున్న వ్రాతప్రతి నుండి స్వయముగా నేర్చి, 1857లో ‘పింగళప్రవేశము’ను ప్రకటించెను. 1858లో ఉపాధ్యాయవృత్తిని త్యజించి, కలమునే జీవనాధారముగా గైకొని అప్పులపాలయ్యెను. అయినను ఒంటరిగా కూర్చిన ‘నర్మకోశము’ను 1873లో సమగ్రముగా వెలువరించెను. నిఘంటువునకై ఒక్కొక్క పదమును తూచిన యీ పరిశ్రమ పిమ్మటనే భగవద్గీతను గుజరాతీలోనికి అనువదించెను. అనువాదకునకు ఛందోజ్ఞానమును, పదజ్ఞానమును పునాదులు. ఆ రెంటిని ఆయన కళాశాల వెలుపలనే సంపాదించెను. 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో మరణించెను. సూరత్‌లోని దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయమునకు 2004లో ఆయన పేరిడిరి.