నాణకశాస్త్ర ప్రవర్తకుడు యోసెఫ్ ఎక్‌హెల్

ప్రాచీన రోమక నాణెములను కూర్చుట ఐరోపాలో ఆరువందల యేండ్లకు పైబడిన వ్యసనము. ఇటలీ మహాకవి పెట్రార్క్ 1354లో మాంటువా నగరమున నాలుగవ చార్లెస్ చక్రవర్తికి కొన్ని రోమక నాణెములను కానుకగా ఇచ్చి, వానిపైనున్న సీజరుల మార్గమున నడువుమని హితవు చెప్పినాడు. నాణెమును చరిత్రపాఠముగా చూచిన తొలి పండితులలో ఆయన ఒకడు. తరువాతి కాలమున రాజులు, మతగురువులు, వైద్యులు, వర్తకులు ఈ పనిలో పోటీపడినారు. బంగారు, వెండి నాణెములు ధనికులకే చిక్కెడివి. కంచు నాణెములు మాత్రము పొలము దున్నువారికి విరివిగా దొరకి, స్వల్పధనుడైన విద్వాంసుని చేతికి కూడ అందినవి. వాడుకలో కంచు అని ఒక్క పేరు పెట్టినను, అగస్టసు సంస్కరణానంతరము వానిలో పెద్దదైన సెస్టెర్టియస్, దానిలో సగము విలువగల దుపోండియస్ ఇత్తడివి. నాలుగవ వంతు విలువగల ఆస్ రాగిది. సెస్టెర్టియస్ వెడల్పైన బిళ్ల అగుటచే ముఖరూపమునకును, వెనుకవైపు దేవతామూర్తులకు, యుద్ధవిజయములకు, కట్టడములకును దానిపై చోటు దండిగా ఉన్నది. సంగ్రాహకులకు దానిపై అంత మోజు కలుగుటకు ఇదియే కారణము.

ఈ మోజును శాస్త్రముగా మార్చినవాడు యోసెఫ్ హిలారియుస్ ఎక్‌హెల్. అతడు 1737 జనవరి 13న ఆస్ట్రియా దేశపు ఎంజెస్‌ఫెల్డ్ గ్రామమున జన్మించినాడు. తండ్రి ఒక ప్రభువు ఎస్టేటును చూచు ఉద్యోగి. పదునాలుగవ యేట, 1751లో, బాలుడు జెస్యూట్ సంఘమున చేరినాడు. ఆ సంఘము పాఠశాలలకు ప్రసిద్ధము. లాటిను, గ్రీకు భాషలు అచ్చట అతనికి బాగుగా అబ్బినవి. తరువాత అతడు కొంతకాలము కావ్యమును, వక్తృత్వమును బోధించినాడు. దేహారోగ్యము చాలక బోధన విడువవలసి వచ్చినది. అప్పటికే నాణెములపై కృషి చేయుచున్న యోసెఫ్ ఖెల్ అను జెస్యూట్ గురువు వద్ద ఈ విద్య నేర్చి, 1772లో వియన్నాలోని సంఘపు నాణెముల భాండారమునకు పాలకుడైనాడు. రోగము ఒక అధ్యాపకుని తరగతిగది నుండి తప్పించి నాణెముల బీరువాల ముందు నిలిపినదన్నమాట.

అప్పటికి ఈ విద్య ఏ స్థితిలో ఉన్నదో చెప్పనిదే అతని పని విలువ తెలియదు. సంగ్రాహకులు తమ నాణెములను లోహమును బట్టి, పరిమాణమును బట్టి అమర్చెడివారు. పెద్ద కంచు ఒక అరలో, మధ్యమము మరొక అరలో, చిన్నది వేరొక అరలో. ఒకే యేట, ఒకే టంకశాలలో, ఒకే విజయమును చాటుటకు ముద్రించిన మూడు నాణెములు ఈ పద్ధతిలో మూడు చోట్ల పడియుండును. పుస్తకములను ఎత్తును బట్టి అమర్చిన గ్రంథాలయమును తలచుకొనిన ఈ చిక్కు బోధపడును.

అంతకంటె పెద్ద చిక్కు కల్పితములది. పదునాఱవ శతాబ్దిలో హ్యూబర్ట్ గోల్ట్‌జియస్ అను చిత్రకారుడు ప్రాచీన నాణెముల బొమ్మలతో పెద్ద గ్రంథములు ప్రకటించినాడు. వానిలో ఎవ్వరును ఎన్నడును కంటచూడని నాణెములు పెక్కు కలవు. పండితులు వానిని నమ్మి రెండువందల యేండ్లు చరిత్ర వ్రాసినారు. మన కావ్యముల తాళపత్ర ప్రతులలో ప్రక్షిప్తములు చేరిన విధమే ఇది. పాడువా నగరవాసి జొవాన్ని దా కావినో, 1500 నుండి 1570 వరకు జీవించినవాడు, సెస్టెర్టియస్ పోలికగా స్వయముగా అచ్చులు చెక్కి అతి సుందరమైన ప్రతిరూపములు చేసినాడు. అతని ఉద్దేశము మోసమా, శిల్పనైపుణ్య ప్రదర్శనమా అన్నది వివాదాస్పదము. వానిని అసలువిగా అమ్మినవారి ఉద్దేశమును గూర్చి మాత్రము వివాదము లేదు.

ఓథో చక్రవర్తి విషయము ఇందుకు మంచి ఉదాహరణము. సూటోనియస్ చరిత్ర వ్రాసిన పన్నెండుగురు సీజరులను కంచులో పూర్తిగా కూర్చవలెనన్నది ప్రతి సంగ్రాహకుని కోరిక. ఓథో క్రీ.శ. 69లో జనవరి 15 నుండి ఏప్రిల్ 16 వరకు, మూడు మాసములు మాత్రమే ఏలినాడు. రోము టంకశాలలో అతని పేర బంగారము, వెండి ముద్రితమైనవి కాని కంచు ముద్రితము కాలేదు. సిరియాలోని అంతియోకునందు, ఈజిప్టులోని అలెగ్జాండ్రియాయందు మాత్రము అతని కంచు నాణెములు పుట్టినవి. సంగ్రాహకుడు కోరునది రోమక సెస్టెర్టియస్, అది లేదు. లేని వస్తువునకు గిరాకి పుట్టినచో దానిని పుట్టించువాడును పుట్టును. కావినో చేసినవానిలో ఓథో సెస్టెర్టియస్ కూడ ఒకటి. ఇట్టి సందర్భమున పండితుని మొదటి కర్తవ్యము లేనిదానిని లేదని చెప్పుట. పండెండవ గుంట ఖాళీగా ఉన్న పెట్టె యజమానికి ఆ మాట రుచించునది కాదు.

1772లో ఎక్‌హెల్ ఇటలీకి వెళ్లి అనేక భాండారములను పరిశీలించినాడు. ఫ్లోరెన్సులో టస్కనీ ప్రభువు పీటర్ లియోపోల్డ్ తన మెడిచీ వంశీయ నాణెములను క్రమపరచు పనిని అతనికి అప్పగించినాడు. ఇంతలో 1773లో పోపు జెస్యూట్ సంఘమును రద్దు చేసినాడు. బాల్యము నుండి తనకు ఇల్లు, వృత్తి, గురుకులము అన్నియు అయిన సంస్థ ముప్పదియారవ యేట అతనికి లేకుండపోయినది. టస్కనీ ప్రభువు తల్లి ఆస్ట్రియా మహారాజ్ఞి మరియా తెరెసా. ఆమె 1774లో ఎక్‌హెల్‌ను రాజభాండారములోని ప్రాచీన నాణెములకు అధ్యక్షుని గాను, మరుసటి యేట వియన్నా విశ్వవిద్యాలయమున ఆచార్యుని గాను నియమించినది. ఆ భాండారమును అంతకుముందు పాలించిన దువాల్ ఒకప్పుడు గొఱ్ఱెలు కాచిన పల్లెటూరి బాలుడు. పుట్టుకను గాక విద్యను చూచి పదవి నిచ్చిన సందర్భములు ఆ కొలువున ఇట్లు రెండు కనబడుచున్నవి.

అటుపిమ్మట గ్రంథములు వరుసగా వెలువడినవి. 1775లో అముద్రిత నాణెముల సంపుటము, 1779లో రాజభాండారపు పట్టిక, 1786లో అంతియోకు నాణెముల వర్ణనము, 1787లో విద్యార్థులకై జర్మను భాషలో చిన్న ప్రవేశిక. యాదృచ్ఛికముగా ఆ 1786లోనే మన నెల్లూరు ప్రాంతమున ఒక రైతు నాగటికి శిథిలాలయపు ఇటుకలు తగిలి, వాని క్రింద కుండలో ట్రాజను, హేడ్రియను ఆదుల బంగారు నాణెములు బయటపడినవి. ఆ వార్త కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికకు చేరినది. రోమక నాణెము మనకు అంతకు పూర్వమే మాట రూపమున పరిచితము. దెనారియస్ నుండి వచ్చిన దీనార శబ్దమును అమరసింహుడు నిష్కశబ్దార్థములలో ఒకటిగా చెప్పినాడు.

ఎక్‌హెల్ జీవితకృషి అంతయు లాటిను భాషలో ఎనిమిది సంపుటములుగా 1792 నుండి 1798 వరకు వెలువడిన దోక్త్రీనా నుమోరుమ్ వేతెరుమ్. ప్రాచీన నాణెముల శాస్త్రము అని దాని అర్థము. మొదటి నాలుగు సంపుటములు నగరముల, జాతుల, రాజుల నాణెములకు. తక్కిన నాలుగు రోమునకు. నగరముల నాణెములను స్పెయిను మొదలుకొని మధ్యధరా సముద్రము చుట్టు భూగోళక్రమమున ఉంచినాడు. ఈ క్రమము అతని స్వంతము కాదు. ఫ్రెంచి నౌకాశాఖాధికారి పెల్లెరిన్, ముప్పదివేలకు మించిన నాణెములను కూర్చినవాడు, దీనికి దారి తీసినాడు. దానిని సర్వసమగ్రము చేయుట, గోల్ట్‌జియస్ వంటివారి సాక్ష్యమును త్రోసిపుచ్చుట ఎక్‌హెల్ పని.

చక్రవర్తుల నాణెములలో అతడు పరిమాణమును పక్కకు నెట్టి కాలమును ముందు నిలిపినాడు. చక్రవర్తికి ట్రిబ్యూను అధికారము ఏటేట నూతనమగును. దాని సంఖ్య నాణెముపై ఉండును. మన శాసనములలో విజయరాజ్య సంవత్సరము వంటిదే ఇది. ఆంటోనైనస్ పయస్ ముద్రించిన ఒక ఆస్ చూడుడు. దాని వెనుక బ్రిటానియా దేవి తల వాల్చి శిలపై కూర్చుండియుండును. అతడు నాలుగవ కాన్సులు పదవిని స్వీకరించినది 145లో. 161లో మరణించువరకు నాణెములపై ఆ సంఖ్య మారలేదు. కావున కాన్సులు పదవి ఒక్కటే చూచినచో పదునాఱేండ్ల సందేహము. ట్రిబ్యూను అధికారము పదునెనిమిదవది అని చదివిన వెంటనే నాణెము 154–155 నాటిదని తేలును. చేతికందిన ప్రతి అరిగిన బిళ్లను ఇట్లు తన సంవత్సరమున కూర్చుండబెట్టుట ఈ పద్ధతి సారము. ఇందులో సెస్టెర్టియస్, ఆస్, బంగారు నాణెము ఒకే యేటి సాక్షులై పక్కపక్కన నిలుచును; లోహము, పరిమాణము చిన్న గుర్తులుగా మాత్రమే మిగులును.

లోపములు లేవని కాదు. బరువులను, లోహమిశ్రమమును, టంకశాలల శైలిభేదమును అతడు తగినంతగా పట్టించుకొనలేదు. రోమక ద్రవ్యచరిత్రను ఆ మార్గమున నడిపినవాడు 1860లో మామ్‌సెన్. కంచు నాణెములపై కనబడు ఎస్, సి అను రెండక్షరములు సేనేటు అనుమతికి చిహ్నములు. వానిని బట్టి బంగారము, వెండి చక్రవర్తివి, కంచు సేనేటుది అన్న విభాగమును ఎక్‌హెల్ అంగీకరించినాడు. ఇరువదవ శతాబ్ది పండితులకు ఈ విషయమున గట్టి సందేహములు కలిగినవి. అయినను వారు ఆ సందేహములను ప్రకటించినది అతడు వేసిన కాలక్రమము పైననే నిలిచి. మధ్యలో 1859 నుండి ఆన్రీ కోఎన్ ఫ్రెంచిలో ప్రకటించిన పట్టిక నాణెములను వెనుకవైపు లేఖనముల అకారాదిక్రమమున ఉంచినది. అది సంగ్రాహకులకు మిక్కిలి సుకరము, చరిత్రకారులకు మిక్కిలి నిష్ప్రయోజనము. 1923లో ఇంగ్లండున మాటింగ్లీ, సిడెన్‌హామ్ పండితులు రోమక చక్రవర్తుల నాణెముల బృహత్పట్టికను ఆరంభించి మరల కాలక్రమమునకు వచ్చినారు.

ఎనిమిదవ సంపుటము అచ్చయిన 1798లోనే, మే 16న, ఎక్‌హెల్ వియన్నాలో మరణించినాడు. తన గ్రంథమునకు అతడు చేర్చుకొనిన సవరణలు, అనుబంధములు వ్రాతప్రతిగా మిగిలినవి. భాండారమున అతని తరువాత పనిచేసిన స్టైన్‌బ్యూఖెల్ వానిని 1826లో ముద్రింపించినాడు.