గణితాచార్యుడు హార్డీ

గాడ్‌ఫ్రే హెరాల్డ్ హార్డీ 1877 ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండులోని సర్రే ప్రాంతానికి చెందిన క్రాన్‌లీలో జన్మించాడు. వించెస్టర్‌లో పాఠశాల విద్య ముగించి 1896లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో చేరాడు.

ఆనాడు కేంబ్రిడ్జిలో గణిత విద్య అంతా ట్రైపాస్ అనే పరీక్ష చుట్టూ తిరిగేది. ఉత్తీర్ణులైన వారి పేర్లను మార్కుల వరుసలో ప్రకటించేవారు. ఆ వరుసలో ముందు నిలవడానికి విద్యార్థులు ప్రత్యేక శిక్షకులను ఆశ్రయించేవారు. శిక్షకులు నేర్పినవి సమస్యలను వేగంగా సాధించే ఒడుపులు. ఒక సూత్రం ఎందుకు నిజమో విచారించే తీరిక అక్కడ ఎవరికీ ఉండేది కాదు. విసిగిన హార్డీ ఒక దశలో గణితాన్ని విడిచి చరిత్ర చదవాలని కూడా తలపోశాడు. ఆ సమయంలో అగస్టస్ లవ్ అనే అధ్యాపకుడు ఫ్రెంచి గణితజ్ఞుడు జోర్డాన్ రచించిన విశ్లేషణ గ్రంథాన్ని చదవమని సూచించాడు. గణితమంటే ఏమిటో హార్డీకి ఆ గ్రంథంతోనే బోధపడింది. 1898 పరీక్షలో అతనికి నాలుగవ స్థానం లభించింది. తరువాతి కాలంలో ర్యాంకుల ప్రకటనను రద్దు చేయాలని పోరాడిన వారిలో అతడు ముఖ్యుడు. 1909తో ఆ ఆచారం ముగిసింది.

1908లో హార్డీ ‘ఎ కోర్స్ ఆఫ్ ప్యూర్ మాథమాటిక్స్’ను ప్రచురించాడు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన తొలి ఏడాది విద్యార్థుల కోసం రాసిన పుస్తకమిది. అవధి, అవిచ్ఛిన్నత, అనంత శ్రేణి వంటి భావనలను ఆనాటి ఆంగ్ల పాఠ్యగ్రంథాలు చాలావరకు అస్పష్టంగా దాటవేసేవి. 1/2 + 1/4 + 1/8 అంటూ ఎన్ని పదాలు కలిపినా మొత్తం 1ని మించదు. కాని 1 + 1/2 + 1/3 అంటూ కలుపుకొంటూ పోతే, పదాలు క్రమంగా చిన్నవవుతున్నా మొత్తం ఏ హద్దునైనా దాటిపోతుంది. ఈ తేడాకు కారణాన్ని హార్డీ ఉపపత్తితో సహా, ఓపికగా, చక్కని వచనంలో వివరించాడు.

అతని మరొక చిన్న పుస్తకం ‘ఆర్డర్స్ ఆఫ్ ఇన్ఫినిటీ’ మద్రాసు చేరి, రేవు కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న శ్రీనివాస రామానుజన్ కంటబడింది. అందులోని ఒక వాక్యాన్ని ప్రస్తావిస్తూ 1913 జనవరిలో రామానుజన్ హార్డీకి లేఖ రాశాడు. రామానుజన్ గణితం నేర్చుకున్నది కార్ సంకలనం చేసిన గ్రంథం నుంచి. వేలాది ఫలితాలను దాదాపు ఉపపత్తులు లేకుండానే పేర్చిన ఆ గ్రంథకర్త కూడా ట్రైపాస్ శిక్షకుడే కావడం విచిత్రం. 1914లో కేంబ్రిడ్జి చేరిన రామానుజన్‌కు ఉపపత్తి అవసరాన్ని నేర్పాలి, కాని అతని ఆత్మవిశ్వాసాన్ని దెబ్బతీయరాదు. హార్డీకి గురువుగా ఎదురైన అతి కఠిన పరీక్ష ఇదే. ఒక సంఖ్యను ఎన్ని విధాల విభజించవచ్చునో తెలిపే సూత్రాన్ని వారిద్దరూ కలిసి 1918లో ప్రకటించారు. 200కు అటువంటి విభజనలు 39,72,99,90,29,388 కాగా, వారి సూత్రం ఆ విలువను సరిగ్గా ఇచ్చింది.

1919లో హార్డీ ఆక్స్‌ఫర్డుకు మారి, 1931లో తిరిగి కేంబ్రిడ్జి చేరాడు. తన శిష్యుడు రైట్‌తో కలిసి రాసిన సంఖ్యా సిద్ధాంత పరిచయ గ్రంథం 1938లో వెలువడింది. విభజనల అధ్యాయంలో, 1920లోనే కన్నుమూసిన రామానుజన్ ఫలితాలకూ చోటు దక్కింది. ఆ గ్రంథం ఆరవ కూర్పు 2008లో వచ్చింది.

హార్డీ 1947 డిసెంబరు 1వ తేదీన మరణించాడు. అతని చివరి గ్రంథం ‘డైవర్జెంట్ సిరీస్’ 1949లో అచ్చయింది.