లేఆఫ్‌లో సగం జీతం ఎలా వచ్చింది? రైల్వే సమ్మె నుంచి రాష్ట్రపతి భవన్ దాకా వి.వి.గిరి

మార్కెట్ పడిపోయింది, ఆర్డర్లు లేవు, గోదాములో సరుకు పేరుకుపోయింది. అలాంటప్పుడు యాజమాన్యం నోట మొదట వచ్చే మాట లేఆఫ్. అంటే ఉద్యోగం పోలేదు కానీ పని లేదు. ఏలూరు జూట్ మిల్లు కార్మికుల కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. కామవరపుకోట లాంటి చోటు నుంచి ఫ్యాక్టరీ పనికి వెళ్లేవాళ్లకూ ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు.

ఆ రోజుల్లో సగం జీతం అడిగే హక్కు కార్మికుడికి 1953లో వచ్చింది. అప్పుడు కేంద్ర కార్మిక మంత్రి వరాహగిరి వెంకటగిరి. మనకు వి.వి.గిరి అంటే మాజీ రాష్ట్రపతిగానే గుర్తు. కానీ ఆయన జీవితంలో ఎక్కువ భాగం నడిచింది కార్మిక సంఘాల్లోనే.

ఖరగ్‌పూర్‌లో మొదటి పాఠం

గిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. గిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఐర్లాండ్ స్వాతంత్ర్య పోరాటం ఆయన్ని ఆకట్టుకుంది. 1916లో తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీస్ పెట్టారు. తర్వాత రైల్వే కార్మికుల మధ్యకు వెళ్లారు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకి ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాప్ ఉండేది. అక్కడ తెలుగువాళ్లు చాలామంది పనిచేసేవారు. 1927లో ఖర్చు తగ్గింపు పేరుతో కంపెనీ కార్మికులను తొలగించడానికి సిద్ధపడింది. సమ్మె, లాకౌట్ నెలల తరబడి సాగాయి. గిరి స్థాపించిన యూనియన్ హింసకు పోకుండా పోరాడింది. చివరికి తొలగింపునకు గురైన వాళ్ల విషయంలో కంపెనీ, ప్రభుత్వం కొంత దిగిరాక తప్పలేదు.

సమ్మె చేయగల బలం ఉన్న యూనియన్‌తోనే యాజమాన్యం మాట్లాడుతుందన్నది ఆ పోరాటం చెప్పిన పాఠం. అయితే గిరికి సమ్మె చివరి ఆయుధం మాత్రమే. బేరం కుదిరేది బల్ల దగ్గరేనని ఆయన నమ్మకం. అందుకే 1929లో రాయల్ లేబర్ కమిషన్‌ను బహిష్కరించాలని ఏఐటీయూసీలో మెజారిటీ నిర్ణయించినప్పుడు, ఆయన ఎన్.ఎం.జోషి తదితరులతో కలిసి విడిపోయారు. కమిషన్ ముందుకు వెళ్లి కార్మికుల వాదన వినిపించాల్సిందేనన్నది వాళ్ల పట్టు.

మంత్రిగా రెండు పరీక్షలు

1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో గిరి కార్మిక శాఖ చూశారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, నెహ్రూ ప్రభుత్వంలో అదే శాఖ తీసుకున్నారు.

వివాదాలను ట్రైబ్యునళ్లకు పంపడం తగ్గించి, యూనియన్, యాజమాన్యం నేరుగా మాట్లాడుకునేలా చేయాలని ఆయన ప్రతిపాదించారు. దానికే గిరి విధానం అని పేరు. ఇది కార్మికుల పక్షంలోనే అందరికీ నచ్చలేదు. యూనియన్ బలహీనంగా ఉన్న చోట యాజమాన్యాన్ని బల్ల దగ్గరకు రప్పించేదెవరన్నది వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

మొదటి పరీక్ష 1953లో వచ్చింది. బట్టల మిల్లుల్లో అమ్మకాలు లేక నిల్వలు పేరుకుపోయాయి. షిఫ్టులు మూతపడే పరిస్థితి. 1953 అక్టోబర్ 24న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. లేఆఫ్ రోజులకు మూల వేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. ఉద్యోగం తీసేస్తే నెల నోటీసుతో పాటు, పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం ఇవ్వాలి. ఈ షరతులకు మూలం ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కలిసి కూర్చున్న చర్చల్లో కుదిరిన అంగీకారమే.

రెండో పరీక్ష 1954లో. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును కేంద్రం మార్చింది. దాంతో ఉద్యోగులకు రావాల్సింది తగ్గింది. గిరి ఒప్పుకోలేదు, రాజీనామా చేశారు. తర్వాత ప్రభుత్వం కమిషన్ వేసి, 1955లో కొత్త చట్టం చేయాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆయన మూడు రాష్ట్రాలకు గవర్నర్, ఉపరాష్ట్రపతి, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతి. ఆయన రాష్ట్రపతిగా ఉండగానే, 1974 మేలో దేశమంతా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. ప్రభుత్వం వేలాది మందిని అరెస్టు చేసింది. రైల్వే సమ్మెతో ఎదిగిన నాయకుడు దేశాధినేతగా ఉన్నా బల్ల దగ్గర బేరం తెగలేదు. గిరి 1980 జూన్ 24న కన్నుమూశారు.

ఇప్పుడు మీకు ఏం వర్తిస్తుంది?

2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ సగం జీతం, 15 రోజుల లెక్క అలాగే ఉన్నాయి. ముఖ్యమైన షరతులు ఇవీ:

- లేఆఫ్ పరిహారం 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న ఫ్యాక్టరీలు, గనులు, తోటలకు వర్తిస్తుంది. ఏడాదిలో కొన్ని నెలలే నడిచే సీజనల్ సంస్థలకు వర్తించదు.
- పేరు మస్టర్ రోల్‌లో ఉండాలి. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసి ఉండాలి.
- లేఆఫ్ రోజుల్లో కూడా చెప్పిన సమయానికి రోజుకోసారి పని చోట హాజరు కావాలి. లేదంటే ఆ రోజు డబ్బు రాదు.
- ఏడాదిలో లేఆఫ్ 45 రోజులు దాటితే, ఆపైన చెల్లించనక్కర్లేదని ఒప్పందం ఉంటే చెల్లింపు ఆగిపోతుంది. సంతకం పెట్టే ముందు కాగితం చదవండి.

డబ్బు ఇవ్వకపోతే జిల్లా కార్మిక శాఖ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కామవరపుకోట వాళ్లకు జిల్లా కేంద్రం ఏలూరు. అధికారి ముందు ఇరుపక్షాలను కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. అక్కడ తేలకపోతే ట్రైబ్యునల్.

యూనియన్ ఉన్న చోట ఇంతకన్నా ఎక్కువ బేరమాడవచ్చు, చట్టం చెప్పింది కనీసం మాత్రమే. యూనియన్ లేని చోట ఆ కనీసమే దిక్కు. అదైనా దక్కాలంటే 240 రోజుల లెక్క చూపించాలి. అందుకే జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్ ఇప్పుడే ఫోన్‌లో భద్రం చేసుకోండి. గేటు మూశాక అవి దొరకడం కష్టం.