మందుల కొట్టులో దొరికిన మంచిమాట: ఎమిల్ కూయే

హిప్నాటిజం అనగానే వేదిక మీద మనుషుల్ని నిద్రపుచ్చే ఇంద్రజాలికుడే చాలామందికి గుర్తొస్తాడు. ఊబకాయంతో బాధపడేవారికి అది తోడ్పడుతుందంటే నమ్మబుద్ధి కాదు. అందులో నిజమెంతో తెలియాలంటే ఎమిల్ కూయే జీవితం తెలుసుకోవాలి.

కూయే 1857 ఫిబ్రవరి 26న ఫ్రాన్సులోని త్రువా పట్టణంలో పుట్టారు. తండ్రి రైల్వే ఉద్యోగి. రసాయన శాస్త్రం చదవాలన్నది కుర్రవాడి కోరిక. ఇంటి ఇబ్బందుల వల్ల మందుల తయారీ నేర్చుకుని, సొంత ఊళ్లోనే మందుల కొట్టు నడిపారు. మందు ఇస్తూ ఇది బాగా పనిచేస్తుందని ఒక మంచిమాట చెబితే రోగులు మెరుగ్గా కోలుకోవడం అక్కడే గమనించారు.

1885లో ఆయనకు నాన్సీ నగర వైద్యుడు లియెబోతో పరిచయమైంది. రోగిని నిద్రలాంటి స్థితిలోకి తీసుకెళ్లి, నయమవుతుందని నెమ్మదిగా చెప్పడం లియెబో పద్ధతి. కూయే దాన్ని నేర్చుకున్నారు, చేశారు, చివరికి నిద్రపుచ్చడం మానేశారు. ఎదుటివాడు ఎంత చెప్పినా రోగి మనసు ఒప్పుకుంటేనే పనిచేస్తుందని ఆయనకు అర్థమైంది.

1910లో నాన్సీ చేరి, ఇంటికి వచ్చినవారికి డబ్బు తీసుకోకుండా స్వీయ సూచన నేర్పారు. నిద్ర లేవగానే, పడుకునే ముందు, రోజురోజుకూ అన్ని విధాలా మెరుగవుతున్నానని ఇరవైసార్లు చెప్పుకోమనేవారు. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన తాడు వాడమనేవారు, మన జపమాలలాగే. 1923లో అమెరికా వెళ్లి ప్రసంగాలు చేశారు. 1926 జులై 2న నాన్సీలో కన్నుమూశారు.

ఆయన చెప్పిన ఒక పోలిక మనకు పనికొస్తుంది. నేల మీద పరిచిన పలక మీద ఎవరైనా నడుస్తారు. అదే పలకను గోపురమంత ఎత్తున వేస్తే కాళ్లు వణుకుతాయి. పలక మారలేదు, పడిపోతాననే ఊహ వచ్చి చేరింది. పట్టుదలకూ ఊహకూ పోటీ వస్తే ఊహే గెలుస్తుందని ఆయన నమ్మకం. తిండి తగ్గించాలని ఒట్టు పెట్టుకున్న మనిషి, నా వల్ల కాదని లోపల అనుకుంటే జరిగేదీ ఇదే.

కూయే చెప్పినవన్నీ వైద్యశాస్త్రం ఒప్పుకోలేదు. మాటతో కొవ్వు కరగదు. ఆహారం, వ్యాయామం, వైద్యుడి సలహా ఉండాల్సిందే. హిప్నాటిజం వాటికి తోడుగా కొందరికి కొంత ఉపయోగపడవచ్చు, వాటికి బదులు కాదు.

ఇక మన బడుల సంగతి. చాలాచోట్ల మన తెలుగు బడులు చిన్నవి. ఒకటో తరగతిలో బండోడు అని పేరు పడిన పిల్లవాడు పదో తరగతి దాకా అదే పేరు మోస్తాడు. పదేళ్లపాటు రోజూ వినే ఆ మాట కూడా సూచనే, ఇరవైసార్లకు మించినది. ఆటల పీరియడులో వెనక్కి తగ్గేది, అన్నం డబ్బా దాచుకుని తినేది ఆ పిల్లలే. ఉపాధ్యాయులుగా మేం బరువు చూసేటప్పుడు అంకె అందరి ముందూ చదవకుండా ఉండగలం. ఇంట్లో మీరు ముద్దుకైనా ఆ పేరుతో పిలవకుండా ఉండగలరు. బిడ్డ తనకు తాను చెప్పుకునే మాట ముందు మన నోటి నుంచే వింటాడు.