రాఘోబాదాదా చరిత్రము

సతారా నగరమునకు సమీపమున, కృష్ణానదిలో వెణ్ణానది వచ్చి కలియుచోట, మాహులి యను క్షేత్రము కలదు. మహారాష్ట్ర చరిత్రమున మిగుల ప్రసిద్ధులైన యిద్దరు పురుషులకు ఆ యూరు జన్మస్థానము. ఒకడు రఘునాథరావు. మొదటి బాజీరావు పేష్వాకు కాశీబాయి యందు 1734వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన జన్మించెను. రెండవవాడు రామశాస్త్రి ప్రభుణే. పేదబ్రాహ్మణ కుటుంబమున పుట్టి, యౌవనము వచ్చువరకు అక్షరజ్ఞానము లేక, పిమ్మట కాశికేగి ధర్మశాస్త్రములను సాధించి, పూనాలో న్యాయాధీశ పదవి నలంకరించినవాడని చెప్పుదురు. ఒకడు ప్రభువుల బిడ్డ, రెండవవాడు తన చదువు తప్ప వేరు ఆస్తి లేనివాడు. ముప్పదితొమ్మిదవయేట రఘునాథరావు ఈ స్వగ్రామస్థుని యెదుట దోషిగా నిలువవలసివచ్చెను. ఆయన ఆ స్థితికి ఎట్లు దిగజారెనో తెలియవలెనన్న మొదటినుండి చెప్పవలసియున్నది. ఏలయనగా రఘునాథరావు పుట్టుకతో దుర్మార్గుడు కాడు.

తండ్రి 1740లో నర్మదాతీరమున రావేర్‌ఖేడీ యొద్ద మరణించునప్పటికి బాలునకు ఆరవయేడు నిండలేదు. అన్నగారైన బాలాజీ బాజీరావు పేష్వాయై తమ్ముని పెంచి విద్యాబుద్ధులు చెప్పించెను. జనులు ఆయనను ముద్దుగా రాఘోబా యనియు, గౌరవముగా దాదాసాహెబు అనియు పిలిచెడివారు. గుఱ్ఱపుస్వారియందును ఖడ్గవిద్యయందును ఆరితేరినవాడు, దేవతాభక్తి కలవాడు, చేయి చాచినవానిని ఊరక పంపనివాడు. లోపములును కలవు. ముఖస్తుతికి సులభముగా లోబడును. పగటిపూట చేసిన నిశ్చయము రాత్రికి నిలువదు. ధనము వచ్చిన దారి గాని పోయిన దారి గాని విచారింపడు. ఇట్టి లోపములు మన యూళ్లలో ఎందరు పెద్దమనుష్యులకు లేవు? వానివలన ఇల్లు గుల్లయగునేమో కాని హత్యలు జరుగవు.

1757లో ఆయన మహారాష్ట్ర సైన్యములతో ఉత్తరమునకు వెడలి ఢిల్లీని వశపరచుకొనెను. మరుసటి వసంతమున సర్హిందు చేజిక్కెను. 1758 ఏప్రిలు మాసమున లాహోరు ప్రవేశించెను. ఆయన సేనాపతులు సింధునదీతీరమున అటక్కు వరకు పోయిరి. దక్షిణాపథమునుండి బయలుదేరిన సేన యొకటి అంత దూరము పోవుట అపూర్వము. అటక్కుపై జెండా నెగురవైచిన కథను నేటికిని మహారాష్ట్రులు ఛాతీ విప్పి చెప్పుకొందురు. అప్పటికాయనకు ఇరువదినాలుగవయేడు నిండలేదు.

ఇంతటి విజయమునకు ఖర్చుపద్దు మాత్రము వేరుగా నుండెను. కప్పములతో బొక్కసము నింపవలసినవాడు లక్షలకొలది అప్పుతో తిరిగివచ్చెను. పూనాలో రాజ్యపు జమాఖర్చులు చూచుచున్నవాడు పినతండ్రి కుమారుడైన సదాశివరావు భావు. ఆతడు లెక్కలయందు కఠినుడు. బాకీ సంగతి యెత్తగా మాటామాట పెరిగెను. ఈసారి దండయాత్రకు నీవే పోయి చూడుమని రఘునాథరావు కోపించి యనెనట. మరల అబ్దాలీ దండెత్తివచ్చినప్పుడు సదాశివరావే సేనాధిపతియై పోయెను. 1761 జనవరి 14వ తేదీన పానిపట్టులో అతడును, పేష్వా పెద్దకుమారుడు విశ్వాసరావును, వేలకొలది వీరులును నేలకొరగిరి. ఆ దుఃఖమున అదే సంవత్సరము జూనులో బాలాజీ బాజీరావు కన్నుమూసెను.

రాజ్యమునకు పెద్దదిక్కుగా మిగిలినవాడు రఘునాథరావు. పదవి మాత్రము ఆచారము ననుసరించి అన్నగారి రెండవ కుమారుడు మాధవరావునకు వచ్చెను. అతనికి పదునారేండ్లు. పినతండ్రికి ఇరువదియారు. సతారాలో ఛత్రపతి యొద్దనుండి పేష్వా వస్త్రములు బాలునకు వచ్చెను. పరిపాలనాభారము పినతండ్రికి వచ్చెను. భారతకథ యెఱిగినవారికి ఇట్టి సన్నివేశము క్రొత్తది కాదు. తమ్ముని బిడ్డలకొఱకు రాజ్యమును కాపాడవలసిన ధృతరాష్ట్రుడు, కాపాడుచు కాపాడుచునే అది తనదని తలంచెను. సంరక్షకుడు పైరు కోసి కొట్టములో పెట్టుచున్న కొలది పొలము తనదను భ్రాంతి కలుగుట సహజము. పట్టాలో పేరు ఎవరిదో యనుదినము చూచుకొనవలెను.

మాధవరావు మెతకవాడైనచో చరిత్రము మఱియొక విధముగ నుండెడిది. అతడు అసాధారణ బుద్ధిశాలి. సంవత్సరము తిరుగకముందే దఫ్తరములు తానే చూడసాగెను. రఘునాథరావు అలిగి పూనా విడిచి, తమ వంశమునకు చిరకాల విరోధియైన హైదరాబాదు నిజాము సాయమును కోరెను. 1762 నవంబరులో ఘోడ్‌నదీ ప్రాంతమునను ఆలేగాఁవు వద్దను పినతండ్రి సేనయు కుమారుని సేనయు ఢీకొనెను. ఇంటిపోరు రాజ్యమును రెండుగా చీల్చునని గ్రహించి మాధవరావు స్వయముగా పినతండ్రి శిబిరమునకు పోయి లొంగిపోయెను. రఘునాథరావు అతనిని కావలిలో నుంచి పాత మంత్రులను తొలగించి అధికారమంతయు వహించెను. ఆయన తొక్కిన మొదటి తప్పుమెట్టు ఇది. ఇందులో రక్తము లేదు, విషము లేదు, కుమారునకు హాని తలపెట్టుటయు లేదు. కోరిక నెరవేర్చుకొనుటకు శత్రువును ఇంటికి పిలువవచ్చునను సంగతి మాత్రము అలవాటయ్యెను.

ఆ నిజామే మరుసటి యేడు పూనా పట్టణమును దోచి తగులబెట్టెను. 1763 ఆగష్టు 10వ తేదీన గోదావరీతీరమున రాక్షసభువనమువద్ద యుద్ధము జరిగెను. రఘునాథరావు శత్రువుల మధ్య చిక్కుకొని ప్రాణాపాయస్థితిలో నుండగా మాధవరావు సేనతో వచ్చిపడి ఆయనను రక్షించి విజయము సాధించెను. ఆ దినమునుండి అధికారము మాధవరావునకు మరలెను. అయినను అతడు పినతండ్రిని అవమానింపలేదు. రఘునాథరావో, రాజ్యమున సగము పంచి యిమ్మని అడుగుచునే యుండెను. తుదకు మరల సేనలు కూర్చగా, 1768 జూనులో ధోడప కోటవద్ద మాధవరావు ఆయన నోడించి పూనాలోని శనివారవాడ సౌధమున నిర్బంధించెను. ప్రాణము తీసియుండవచ్చును, తీయలేదు. ఆ ఔదార్యమునకు ప్రతిఫలము చూడకుండగనే మాధవరావు క్షయరోగపీడితుడై 1772 నవంబరు 18వ తేదీన తేవూరు గ్రామమున గణపతి సన్నిధిని మరణించెను. అంత్యకాలమున పినతండ్రిని పిలిపించి, తమ్ముడు నారాయణరావును ఆయన చేతులలో పెట్టెను. రఘునాథరావు ఆ బాలుని కాపాడుదునని మాట యిచ్చెను. ఆ మాట యిచ్చినప్పుడు ఆయన మనసులో కపటము లేదనియే తోచును. ఆయన కన్నీరు ఎప్పుడును నిజమైనదే. నిలుకడ లేనిది మాత్రమే.

నారాయణరావు పదునేడేండ్లవాడు. అన్నగారి గాంభీర్యము లేదు, తొందరపాటు కలదు, నోటిమాట పదునైనది. కొలదిమాసములలోనే పినతండ్రికిని అతనికిని పొసగక, 1773 వేసవిలో రఘునాథరావును మరల సౌధములోనే బంధించిరి. పూర్వము అటక్కు వరకు సైన్యములు నడపినవాడు ఇప్పుడు నాలుగు గోడలమధ్య కాలము గడుపవలసివచ్చెను. అసంతృప్తులందరును ఆయన చుట్టు చేరిరి. జీతపు బాకీలకై రొదచేయుచున్న గార్దీలనబడు కూలిసైనికుల నాయకుడు సుమేరుసింగు, నారాయణరావుపై పాతకక్ష గల సేవకుడు తులాజీ పవారు అందులోని వారు. నారాయణరావును పట్టి బంధించి రఘునాథరావును పీఠమెక్కించుట వారి ఏర్పాటు. అందులకు వ్రాతమూలకమగు ఉత్తరువు కావలెనని గార్దీలు కోరిరి. రఘునాథరావు వ్రాసి యిచ్చెను.

ఈ కాగితముగూర్చి మహారాష్ట్రమున ప్రసిద్ధమైన కథ యొకటి కలదు. మరాఠీలో పట్టుకొనవలెననుటకు ధరావే యనియు, చంపవలెననుటకు మారావే యనియు అందురు. రఘునాథరావు ధరావే యని వ్రాయగా ఆయన భార్య ఆనందీబాయి ధకారమును మకారముగ దిద్దెనని ప్రతీతి. ధను మ చేయుట యని వారి భాషలో సామెతయే పుట్టినది. దస్తావేజులతో పనిచేయు వారికి దిద్దుబాటన్న భయమెంతో తెలియును. ఒక్క గీటుతో మెరక పల్లమగును. ఆ యక్షరమును దిద్దిన చేయి ఎవరిదైనను కానిండు. ఆమెపై నింద మోపుట లోకమునకు సులభము. కాని కన్నబిడ్డవలె కాపాడుదునన్న బాలుని పట్టుటకు, జీతములేక ఆకలిగొన్న కూలిసిపాయిల చేతికి వ్రాత యిచ్చినవాడు రఘునాథరావు. దిద్దుటకు చోటిచ్చిన వ్రాత ఆయనది.

1773 ఆగష్టు 30వ తేదీ, సోమవారము. గణపతి ఉత్సవములు జరుగుచున్నవి. ఏదో కుట్ర జరుగుచున్నదని నారాయణరావునకు ఆ పూటనే అనుమానము తగిలి, తగు ఏర్పాటు చేయుమని హరిపంత్ ఫడ్కే యను అధికారితో చెప్పెను. ఆయన విందుకు పోవలసియుండి, భోజనానంతరము చూతమనుకొనెను. మధ్యాహ్నమున పేష్వా విశ్రమించుచుండగా గార్దీలు జీతముల నెపమున కత్తులు దూసి సౌధమున జొరబడిరి. అడ్డువచ్చిన వారిని నరికిరి. నారాయణరావు నిద్రనుండి లేచి పరుగెత్తెను. ఎటు పరుగెత్తెను? పినతండ్రి గదికే. ఆయన శరీరమును కౌగిలించుకొని ప్రాణము కాపాడుమని వేడుకొనెను.

ఆ సమయమున రఘునాథరావు నిజముగా చలించెననియు, బాలుని విడువుమని సుమేరుసింగును కోరెననియు చెప్పుదురు. సుమేరుసింగు విననొల్లలేదు; ఇంతవరకు వచ్చి విడిచినచో తన తలకే ముప్పు. తులాజీ పవారు బాలుని కాలుపట్టి యీడ్చెను. చాపాజీ టిళేకరు అను సేవకుడు యజమానిపై పడి తన దేహమును అడ్డువైచెను. ఇద్దరిని ఒక్కసారిగా నరికిరి. అరగంటలో పదకొండుమంది, వారిలో దాసీజనమును, ఒక గోవును ఆ సౌధమున కూలినట్లు చెప్పుదురు. ఆజ్ఞాపించినవాడు ఆపుమనెను, ఆజ్ఞ పొందినవాడు ఆపలేదు. ఒక సేవకునకు కలిగిన తెగువ పినతండ్రికి కలుగలేదు. ఆయన ఆ బాలునిపై తాను పడియుండవచ్చును.

పేష్వాయగుటకు ఇక అడ్డులేదు. మంత్రులలో కొందరు మౌనము వహించిరి, కొందరు భయపడిరి, కొందరు కాలమునకై వేచియుండిరి. రామశాస్త్రి మాత్రము తన పని తాను చేసెను. వారములకొలది సాక్షులను విచారించి, కాగితమును రాబట్టి, తిన్నగా రఘునాథరావు నొద్దకు పోయెను. తాను పట్టుటకే వ్రాసితినని ఆయన ఒప్పుకొని, ప్రాయశ్చిత్తమేమని యడిగెను. ప్రాణత్యాగము తప్ప వేరు ప్రాయశ్చిత్తము లేదని రామశాస్త్రి తెలిపెను. ఆయన పాలించునంతవరకు తాను పూనాలో అడుగిడనని చెప్పి, పదవిని విడిచి వెడలిపోయెను. సాయుధులను చుట్టునుంచుకొన్నవాడు, దండము తప్ప చేత ఏమియు లేని శాస్త్రిని ఏమియు చేయలేకపోయెను. చేయగోరలేదేమో కూడ. ఆయనలోని పాత మనిషి అప్పటికిని పూర్తిగా చచ్చినట్లు లేదు.

తరువాతి పదేండ్లును చెప్పుటకు అంతగా లేవు. 1773 అక్టోబరులో పేష్వా వస్త్రములు ధరించి, నిజాముమీదికిని హైదరలీమీదికిని పోయి, కల్యాణదుర్గము వద్ద హైదరుతో సంధి చేసికొనెను. ఇంతలో పూనాలో నానా ఫడ్నవీసు, సఖారాంబాపు మొదలగువారు ఏకమై, గర్భవతియైన నారాయణరావు భార్య గంగాబాయిని పురంధరదుర్గమునకు చేర్చిరి. 1774 ఏప్రిలు 18వ తేదీన ఆమెకు కుమారుడు పుట్టెను. నలువదిరోజుల పసికందును పేష్వాగా ప్రకటించిరి. రఘునాథరావు గుజరాతునకు పోయి, 1775 మార్చి 6వ తేదీన సూరతులో బొంబాయి ఆంగ్లేయులతో ఒడంబడిక చేసికొనెను. సైన్యసాయమునకు ప్రతిగా సాష్టి, వసయి ప్రాంతములు ఇచ్చుటకు అంగీకరించెను. వసయికోటను ఆయన పినతండ్రి చిమాజీఅప్ప 1739లో పోర్చుగీసువారినుండి ఎంతో రక్తము ధారవోసి గెలిచియుండెను. ఒకప్పుడు నిజామును పిలిచినవానికి ఇప్పుడు ఆంగ్లేయుని పిలుచుట కష్టముగ తోచలేదు. ఏడేండ్లు యుద్ధము నడచెను. 1782 మే మాసమున సాల్బాయి సంధిలో ఆంగ్లేయులు ఆయనను విడిచివేసిరి. నెలకు ఇరువదియైదువేల రూపాయల భరణముపై ఆయన గోదావరీతీరమున కోపర్గాఁవు చేరెను. 1783 డిసెంబరు 11వ తేదీన అచ్చటనే మరణించెను. వయస్సు నలుబదితొమ్మిది.

రామశాస్త్రిని పూనా మంత్రులు మరల గౌరవముతో పిలిపించిరి. ఆయన 1789 వరకు జీవించెను.

రఘునాథరావు కుమారుడు రెండవ బాజీరావు 1796లో పేష్వా యయ్యెను. తండ్రి ఏ పదవికై సర్వము పోగొట్టుకొనెనో అది కుమారునకు అడుగకయే దక్కెను. అతడు 1802 కడపటి దినమున వసయిలో ఆంగ్లేయులకు లోబడి సంధి వ్రాసి, 1818లో రాజ్యమంతయు వారి కప్పగించి, గంగాతీరమున బిఠూరులో భరణము తినుచు 1851లో మరణించెను.

శనివారవాడ 1828లో అగ్నికి ఆహుతియయ్యెను. నేడు కోటగోడలును ద్వారములును పునాదులును మాత్రము నిలిచియున్నవి. నారాయణరావు శవమును ఏ ద్వారమునుండి వెలుపలికి గొనిపోయిరో దానిని నారాయణదర్వాజా యని నేటికిని పిలుచుచున్నారు. రాత్రివేళ అచ్చట ఒక బాలుడు పినతండ్రిని పిలుచుచు పరుగెత్తు సడి వినవచ్చునని పూనా జనులు చెప్పుకొందురు.