చదువు కోసం పస్తులున్న భగత్ సింగ్

భగత్ సింగ్ అనగానే అందరికీ గుర్తుకొచ్చేది బాంబు, ఉరికంబం. ఆయన చేతిలోని పుస్తకం సంగతి తెలిసినవారు తక్కువ.

1907లో పంజాబులోని ల్యాల్‌పూర్ జిల్లా బంగా గ్రామంలో రైతు కుటుంబంలో ఆయన జన్మించారు. ఆ ఏడే పినతండ్రి అజిత్ సింగ్, పెంచిన నీటి పన్నుపై రైతులను కూడగట్టినందుకు ప్రభుత్వం ఆయన్ను బర్మాలోని మాండలేకు పంపింది.

లాహోరు నేషనల్ కాలేజీలో సుఖదేవ్, భగవతీచరణ్, యశ్‌పాల్ భగత్ సింగ్‌కు స్నేహితులయ్యారు. ద్వారకాదాస్ గ్రంథాలయం పుస్తకాలను ఒకరి తర్వాత ఒకరు చదివి, ఐర్లండు పోరాటం గురించి, రష్యా విప్లవం గురించి వాదించుకునేవారు. తెల్లదొరలు పోయి నల్లదొరలు వస్తే రైతుకు, కూలికి ఒరిగేదేమిటన్న ప్రశ్న ఆ చర్చల్లోనే బలపడింది. 1926లో నౌజవాన్ భారత్ సభ పుట్టింది. 1928లో వారి రహస్య విప్లవ సంఘం పేరులో సోషలిస్టు అన్న మాట చేరింది.

1929 ఏప్రిల్ 8న ఢిల్లీ అసెంబ్లీలో బాంబు వేసి భగత్ సింగ్ పట్టుబడ్డారు. రాజకీయ ఖైదీలకు మంచి తిండితోపాటు పుస్తకాలు, పత్రికలు ఇవ్వాలని జైల్లో నిరాహారదీక్ష పూనారు. దీక్షలో చేరిన జతీంద్రనాథ్ దాస్ 63 రోజులు పస్తులుండి సెప్టెంబరు 13న కన్నుమూశారు.

భగత్ సింగ్ జైల్లోనూ చదువు మానలేదు. చదివిన వాటిలో ముఖ్యమైనవి నోటుబుక్కులో రాసుకున్నారు. 1931 మార్చి 23 సాయంత్రం ఉరికి తీసుకెళ్లే వేళ కూడా లెనిన్ గురించిన పుస్తకం చదువుతున్నారని చెబుతారు. అప్పటికి ఆయన వయసు 23. రాజగురుతోపాటు, లాహోరులో కలిసి చదువుకున్న సుఖదేవ్ కూడా ఆయన పక్కనే ఉరికంబమెక్కారు.