కర్ట్ ఫ్లడ్ : ఓడిపోయి దారి చూపిన క్రీడాకారుడు

మైదానములో జరిగే పోటీ సాయంకాలానికి ముగిసిపోతుంది. గెలిచినవారెవరో ఓడినవారెవరో ఆ పూటకే తేలిపోతుంది. న్యాయస్థానములో జరిగే పోటీ అట్టిది కాదు. అది ఏండ్ల తరబడి సాగుతుంది. తీర్పు వెలువడిన తరువాత కూడ ఎవరు గెలిచినట్లో కాలమే నిర్ణయించవలసి వస్తుంది. అమెరికా బేస్‌బాల్ క్రీడాకారుడు కర్ట్ ఫ్లడ్ ఈ రెండు పోటీలలోను పాల్గొన్నాడు. మొదటిదానిలో పేరు, ధనము గడించినాడు. రెండవదానిలో ఆ రెంటినీ పోగొట్టుకొన్నాడు. నేడు అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు గాని, బాస్కెట్‌బాల్ ఆటగాడు గాని తన ఒప్పందము ముగిసిన వెంటనే తనకు నచ్చిన జట్టుతో బేరము కుదుర్చుకొంటున్నాడంటే, ఆ స్వేచ్ఛ వెనుక ఫ్లడ్ చెల్లించిన మూల్యము ఉన్నది.

ఫ్లడ్ 1938వ సంవత్సరము జనవరి 18న టెక్సాస్ రాష్ట్రములోని హ్యూస్టన్ నగరములో ఒక పేద నీగ్రో కుటుంబములో జన్మించినాడు. ఆరుగురు బిడ్డలలో చివరివాడు. అతని పసితనములోనే తలిదండ్రులు కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరానికి తరలిపోయినారు. ఆ నగరపు పశ్చిమ భాగములో జార్జి పవుల్స్ అనే శ్వేతజాతి శిక్షకుడు ఉండేవాడు. రంగును చూడక ప్రతిభను చూచిన మనిషి అతడు. తరువాతి కాలములో బాస్కెట్‌బాల్‌లో మహావీరుడుగా వెలిగిన బిల్ రసెల్‌కు పాఠశాలలో తొలి అవకాశమిచ్చినది పవుల్సే. సన్నని శరీరము గల ఫ్లడ్‌ను చేరదీసి, చక్కని ఆటగాడుగా తీర్చిదిద్దినది కూడ అతడే.

1956లో సిన్సినాటి జట్టు 4,000 డాలర్ల జీతానికి ఫ్లడ్‌ను తీసుకొని, ఆట నేర్చుకొనుటకై దక్షిణ రాష్ట్రాలలోని చిన్న జట్లకు పంపినది. వర్ణభేదము కరడుగట్టిన ప్రాంతాలవి. తోటి ఆటగాళ్లు భోజనశాలలో కూర్చుండి తినేవారు; అతనికి మాత్రము వంటింటి గుమ్మము వద్దనో, నిలిపి ఉంచిన బస్సులోనో తినవలసిన గతి. వారు బసచేసిన హోటలులో అతనికి చోటు లేదు. ప్రేక్షకులు నోటికి వచ్చినట్లు దూషించేవారు. పద్దెనిమిదేండ్ల ఆ కుర్రవాడు రాత్రులు ఒంటరిగా కూర్చుండి విలపించేవాడు. ఐనను ఆ సంవత్సరము అతని ఆట అందరినీ ఆశ్చర్యపరచినది. అవమానానికి ఆటతోనే సమాధానము చెప్పవలెనని అతడు అప్పుడే నేర్చుకొన్నాడు.

1957 డిసెంబరులో సిన్సినాటి యాజమాన్యము అతనిని సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టుకు మార్చివేసినది. అతని అభిప్రాయమును అడిగినవారు లేరు. సంతలో పశువు చేతులు మారినట్లు జరిగిన ఈ మార్పు అతని మనస్సులో ఒక ముల్లుగా నాటుకొన్నది. ఇటువంటిది ఇంకొకసారి జరుగనీయరాదని ఆనాడే అనుకొన్నాడు.

సెయింట్ లూయీలో అతడు పన్నెండేండ్లు ఆడినాడు. బంతి కొట్టేవానికి ఎదురుగా, దూరాన, మైదానపు మధ్యభాగములో నిలిచి, గాలిలోకి లేచివచ్చిన బంతులను పట్టుకొనుట అతని విధి. ఆ విధిలో అతనికి సాటి వచ్చేవారు అరుదు. 1963 మొదలు 1969 వరకు వరుసగా ఏడు సంవత్సరాలు ఉత్తమ రక్షకులకిచ్చే స్వర్ణ కరకవచ బహుమతి అతనికే లభించినది. 1966లో ఒక్క పొరపాటైనను చేయకుండ సంవత్సరమంతా ఆడినాడు. 1964లోను, 1967లోను అతని జట్టు దేశవిజేత అయినది. 1968 తుది పోటీలో మాత్రము నిర్ణాయకమైన చివరి ఆటలో ఒక బంతి గమనమును అతడు తప్పుగా అంచనా వేసినాడు. బంతి అతని తలమీదుగా పోయినది. డిట్రాయిట్ జట్టు గెలిచినది. అన్ని ఏండ్ల నైపుణ్యము కంటె ఆ ఒక్క క్షణమే చాలమందికి జ్ఞాపకముండి పోయినది.

ఆటతోనే అతని లోకము ముగియలేదు. 1962లో జాకీ రాబిన్సన్‌తో కలసి మిసిసిపీ రాష్ట్రానికి వెళ్లి, నీగ్రోల హక్కుల కొరకు జరిగిన సభలో పాల్గొన్నాడు. 1964లో కాలిఫోర్నియాలో ఒక ఇంటిని అద్దెకు తీసుకొనగా, వచ్చినవాడు నల్లవాడని తెలిసి ఇంటివారు అడ్డగించినారు. ఫ్లడ్ న్యాయస్థానమునకెక్కి, ఉత్తర్వు తెచ్చుకొని, ఆ ఇంటిలో ప్రవేశించినాడు. న్యాయము కావలెనంటే అడిగి తీరవలెనని ఆ అనుభవము అతనికి బోధించినది.

1969లో అతని జీతము 90,000 డాలర్లు. ఆ దినాలలో అది పెద్ద మొత్తము. ఆ సంవత్సరము అక్టోబరు 8న ఒక వార్త వచ్చినది. మరి కొందరు ఆటగాళ్లతో పాటు అతనిని ఫిలడెల్ఫియా జట్టుకు మార్చివేసినారట. పన్నెండేండ్ల సేవకు ముగింపుగా ఒక ఫోను పిలుపు మాత్రమే అతనికి దక్కినది. ఫిలడెల్ఫియా వారు జీతము తగ్గింపమన్నారు. లక్ష డాలర్ల వరకు ఇచ్చుటకు సిద్ధపడినారు. కాని ఫ్లడ్‌కు జీతము సమస్య కాదు. తనను అడుగకుండ తనను అమ్మే అధికారము ఇతరులకు ఎక్కడిదన్నదే అతని ప్రశ్న.

ఆ అధికారము రిజర్వు నిబంధన అనే ఒక ఒప్పందపు షరతు నుండి వచ్చినది. 1879లో యజమానులు తమలో తాము ఒక ఏర్పాటు చేసికొన్నారు. ఒక్కొక్క జట్టు అయిదుగురేసి ఆటగాళ్లను తనకే అట్టిపెట్టుకొనవచ్చు. ఇతర జట్లు వారి జోలికి పోరాదు. క్రమముగా ఈ కట్టుబాటు ఆటగాళ్లందరికి వ్యాపించినది. ఒప్పందము పేరుకు ఒక్క సంవత్సరమే. కాని ఆటగాడు సంతకము చేయకపోయినను యజమాని దానిని మరొక సంవత్సరము పొడిగింపవచ్చునని అందులో ఒక వాక్యము ఉన్నది. పొడిగించిన ఒప్పందములో కూడ ఆ వాక్యమే ఉన్నది కనుక మరల పొడిగింపవచ్చునని యజమానులు వాదించేవారు. ఈ విధముగా ఒక్క ఏటి సంతకము జీవితకాలపు బంధముగా మారినది. ఆటగాడు ఇచ్చిన జీతమునకు ఆడవలెను, లేదా ఆట మానుకొనవలెను. మూడవ మార్గము లేదు.

ఇతర వ్యాపారాలలో ఇట్టి ఏర్పాటు గుత్తాధిపత్య నిరోధక శాసనమునకు విరుద్ధము. కాని బేస్‌బాల్ రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యము కాదని సుప్రీం కోర్టు 1922లో తీర్పు చెప్పినది. 1953లో ఆ తీర్పునే నిలిపినది. చిత్రమేమనగా, 1955లో ముష్టియుద్ధమునకు, 1957లో ఫుట్‌బాల్‌కు ఆ మినహాయింపు వర్తించదని అదే న్యాయస్థానము నిర్ణయించినది. ఒక్క బేస్‌బాల్ మాత్రమే చట్టమునకు వెలుపల నిలిచినది.

ఫ్లడ్ క్రీడాకారుల సంఘ నాయకుడు మార్విన్ మిల్లర్‌ను కలుసుకొన్నాడు. మిల్లర్ ఏమియు దాచలేదు. గెలుపు దాదాపు అసాధ్యమని, గెలిచినను ఆ ఫలము ఫ్లడ్‌కు అందదని, ఆటగాడుగానే గాక శిక్షకుడుగా కూడ అతనికిక స్థానము దొరకదని స్పష్టముగా చెప్పినాడు. మిగిలిన ఆటగాళ్లకు దానివలన మేలు కలుగునా అని ఫ్లడ్ అడిగినాడు. కలుగునని మిల్లర్ చెప్పగా, ఐతే అది చాలునన్నాడు. ఆ డిసెంబరులో ప్యూర్టోరికోలోని సాన్ హ్వాన్‌లో జట్ల ప్రతినిధులు సమావేశమై, వ్యాజ్యపు ఖర్చులు సంఘమే భరించునని ఏకగ్రీవముగా తీర్మానించినారు.

1969 డిసెంబరు 24న ఫ్లడ్ బేస్‌బాల్ కమిషనరు బోవీ క్యూన్‌కు ఒక లేఖ వ్రాసినాడు. ఇన్నేండ్ల సేవ తరువాత తాను కొని అమ్మదగిన వస్తువును కానని, ఇతర జట్ల ప్రతిపాదనలను కూడ పరిశీలించే హక్కు తనకున్నదని అందులో మర్యాదగా విన్నవించినాడు. క్యూన్ నిరాకరించినాడు. 1970 జనవరి 16న ఫ్లడ్ న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానములో దావా వేసినాడు.

అంత జీతము తీసుకొనేవానికి బానిసత్వమేమిటని పత్రికలు, ప్రేక్షకులు పరిహసించినారు. జీతము హెచ్చైనంత మాత్రాన బానిసత్వపు స్వభావము మారదని అతడు జవాబిచ్చినాడు. ద్వేషముతో నిండిన ఉత్తరాలు కుప్పలుగా వచ్చినవి. 1970 సంవత్సరమంతా అతడు ఆడలేదు. లక్ష డాలర్లు వదలుకొన్నాడు. విచారణలో జాకీ రాబిన్సన్, హాంక్ గ్రీన్‌బర్గ్ వంటి పూర్వ క్రీడాకారులు అతని పక్షాన సాక్ష్యమిచ్చినారు. కాని ఆనాడు ఆడుచున్న ఆటగాళ్లలో ఒక్కడైనను న్యాయస్థానములో అడుగుపెట్టలేదు. ఏకగ్రీవముగా చేతులెత్తినవారికి యజమానుల కంటబడే ధైర్యము చాలలేదు. ఎవరి మేలు కొరకు దావా వేసినాడో వారే రాకపోవుట ఫ్లడ్‌ను మిక్కిలి బాధించినది.

క్రింది న్యాయస్థానము ఆగస్టులో దావా కొట్టివేసినది. అప్పీలు కోర్టు అదే నిర్ణయమును బలపరచినది. 1972 జూన్ 19న సుప్రీం కోర్టు అయిదుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా అతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పినది. బేస్‌బాల్ వాణిజ్యమేనని, ఈ మినహాయింపు అసంగతమేనని న్యాయమూర్తి బ్లాక్‌మన్ ఒప్పుకొన్నాడు. ఐనను చిరకాలముగా ఉన్నదానిని సరిదిద్దవలసినది శాసనసభయే గాని న్యాయస్థానము కాదన్నాడు. తప్పు తప్పేనని అంగీకరించి, దానినే నిలిపిన తీర్పు అది.

ఈలోగా ఫ్లడ్ జీవితము చెదరిపోయినది. వ్యాపారము దెబ్బతిన్నది, అప్పులు పెరిగినవి, త్రాగుడు అతనిని పట్టుకొన్నది. 1971లో వాషింగ్టన్ జట్టులో 1,10,000 డాలర్ల జీతానికి చేరినాడు గాని, ఒక ఏడు ఆటకు దూరమైన శరీరము పూర్వమువలె కదలలేదు. పదమూడు ఆటలతో విరమించి, స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపమునకు వెళ్లిపోయినాడు. అక్కడ ఒక మద్యశాల నడిపినాడు. త్రాగుడుతో పోరాడే మనిషికి అంతకంటె ప్రమాదకరమైన వృత్తి ఉండదు. అతడు దోషములు లేని మహాపురుషుడు కాడు. ఒంటరితనమును తట్టుకొనలేక కృంగిపోయిన సామాన్య మానవుడు.

కాని అతడు కదలించిన రాయి ఆగలేదు. వ్యాజ్యము నడుచుచుండగానే, 1970 ఒప్పందములో తగవులను తటస్థ మధ్యవర్తి తీర్చుటకు యజమానులు అంగీకరించినారు. పదేండ్లు ఆడి, చివరి అయిదేండ్లు ఒకే జట్టులో ఉన్న ఆటగాని అనుమతి లేక అతనిని మార్చరాదనే నియమము 1973లో వచ్చినది. ఫ్లడ్‌కు ఆ రెండు అర్హతలు 1969లోనే ఉన్నవి. 1975 డిసెంబరు 23న మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు ఆటగాళ్ల తగవులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆ పాత వాక్యమును సరిగా చదివినాడు. ఒక సంవత్సరము పొడిగింపవచ్చునంటే ఒక్క సంవత్సరమేనని, ఎల్లకాలము కాదని తీర్పు చెప్పినాడు. సుప్రీం కోర్టు చేయలేని పని ఒక వాక్యమునకు చెప్పిన అర్థము చేసినది. 1976 నుండి ఆరేండ్లు ఆడినవానికి స్వేచ్ఛ లభించినది.

బాస్కెట్‌బాల్‌లో కూడ అదే గాలి వీచినది. ఫ్లడ్ దావా వేసిన 1970లోనే ఆస్కార్ రాబర్ట్‌సన్ నాయకత్వమున ఆ క్రీడాకారులు తమ సంఘము ద్వారా వ్యాజ్యము తెచ్చినారు. 1976లో అది రాజీతో ముగిసి పాత బంధములను సడలించినది. 1988 నాటికి షరతులు లేని స్వేచ్ఛ కూడ కొందరికి లభించినది. 1984–85 నుండి ఒక్కొక్క జట్టు జీతాల మొత్తమునకు ఒక పరిమితి ఏర్పడుటచేత, ప్రముఖుడు కొంత తగ్గించుకొంటే ఆ మిగులుతో మరొక మంచి ఆటగాడు చేరే వీలు కలిగినది. 2010లో లెబ్రాన్ జేమ్స్, డ్వైన్ వేడ్, క్రిస్ బాష్ ముగ్గురూ తమకు రాదగిన గరిష్ఠ జీతమును కొంత వదలుకొని మయామీ జట్టులో ఏకమైనారు. దానిని త్యాగమన్నవారున్నారు, తెలివి అన్నవారున్నారు. ఏదైనను అది వారు స్వయముగా చేసికొన్న నిర్ణయము. అడిగే హక్కున్నవాడే వదలుకొనగలడు. ఫ్లడ్ కాలములో తక్కువ జీతమునకు ఆడుట త్యాగము కాదు, విధిలేమి.

ఫ్లడ్ కొన్నేండ్లకు స్వదేశము చేరినాడు. 1978లో ఓక్లండ్ జట్టు ఆటలకు రేడియో వ్యాఖ్యాతగా పనిచేసినాడు. తరువాత ఆ నగరములో పిల్లల బేస్‌బాల్ వ్యవహారాలు చూచినాడు. 1986లో నటి జూడీ పేస్‌ను వివాహమాడి, త్రాగుడు విడిచి, కొంత ప్రశాంతముగా జీవించినాడు. కంఠమునకు కాన్సరు సోకి, ఏబదితొమ్మిదవ పుట్టినరోజు గడచిన రెండవ దినమున, 1997 జనవరి 20న లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూసినాడు. మరుసటి సంవత్సరము అక్టోబరులో అమెరికా శాసనసభ చేసిన చట్టము, ఇతర క్రీడాకారులకున్న న్యాయరక్షణను బేస్‌బాల్ ఆటగాళ్లకు కూడ కల్పించినది. సుప్రీం కోర్టు శాసనసభకు వదలిన పని అది. ఆ చట్టమునకు కర్ట్ ఫ్లడ్ పేరే పెట్టినారు.

తాను నాటిన చెట్టు నీడలో ఫ్లడ్ ఒక్క దినమైనను కూర్చుండలేదు. కూర్చుండే భాగ్యము తనకు లేదని నాటే ముందే అతనికి తెలుసు. తెలిసి నాటినాడు. విద్యార్థులు అతని జీవితమునుండి గ్రహింపవలసినది అదే.